పుడ్డింగును నిలబెట్టేది ఏమిటి?

అమ్మా, మీరు అడిగినవి పైకి రెండు ప్రశ్నలు. పాత ఇంగ్లీషు వంటల గురించి చదువుతుంటే పుడ్డింగు అనే మాట కింద రక్తం, కొవ్వు, గొర్రె ప్రేగులు కనిపించాయనీ, పాలూ పంచదారా కలిసిన తీపి వంటకానికి ఆ పేరు ఎలా వచ్చిందనీ మొదటిది. వేళచ్చేరిలో మీరు ఇష్టంగా చేసిన సగ్గుబియ్యం పాయసాన్ని మీ ఎనిమిదేళ్ళ అబ్బాయి కప్పగుడ్లలా ఉందని పక్కకు నెట్టేశాడనీ, ఈ జిగటకూ జారుడుకూ వెనుక శాస్త్రం ఏమైనా ఉందా అనీ రెండోది. చెన్నైలో 31 ఏళ్ళు హోటల్ వంటశాలల్లో తీపి వంటల విభాగంలో పనిచేసి, ఆ తరువాత కొన్నేళ్ళు పిల్లలకు అదే పని నేర్పినవాణ్ణి కనుక ఒక మాట ధైర్యంగా చెప్పగలను: ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట దొరుకుతుంది. కారిపోయే పదార్థాన్ని ముద్దగా నిలబెట్టే ఉపాయానికే మొదట్లో పుడ్డింగు అని పేరు. తీపి దానికి ఆలస్యంగా వచ్చి చేరింది. నిలబెట్టే వస్తువు మారిన ప్రతిసారీ నోటికి తగిలే తీరు మారింది; ఆ తీరు అలవాటు లేనివాళ్ళు ప్రతిసారీ ముఖం చిట్లించారు. అన్నట్టు, సగ్గుబియ్యం పుడ్డింగును ఇంగ్లండు బడిపిల్లలు కూడా తరతరాలుగా కప్పగుడ్లనే వెక్కిరించారు. మీ అబ్బాయికి పెద్ద పరంపరే ఉంది.

పేరు సంగతి ముందు చూద్దాం. ఇంగ్లీషు పుడ్డింగు ఫ్రెంచివారి బుడాఁ అనే మాట నుంచి, అది లాటినులో చిన్న ప్రేగు వంటకాన్ని చెప్పే మాట నుంచి వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. జంతువును కోసినరోజున రక్తం, కొవ్వు, సన్నగా తరిగిన లోపలి భాగాలు త్వరగా పాడైపోతాయి. వాటిని ఓట్లు, బార్లీ వంటి గింజలతో కలిపి, అదే జంతువు ప్రేగులోనో పొట్టసంచిలోనో కూరి, రెండు కొసలూ కట్టి ఉడకబెట్టేవారు. ఇవాళ్టికీ బ్రిటన్‌లో ఉదయపు పలహారంలో కనిపించే నల్ల పుడ్డింగు, స్కాట్లండువారి హాగిస్ ఆ కాలపు మిగులు. మన తెలుగు ఇళ్ళలో బోటీ, నల్లా వండుకునేవారికీ, చెన్నైలో మేకరక్తాన్ని చిన్న ఉల్లిపాయలతో వేయించే పొరియల్ తిన్నవారికీ ఇది వింతగా తోచదు. మనవాళ్ళు వాటిని విడివిడిగా వేయిస్తే, వాళ్ళు ఒకదానిలో ఒకటి కూరారు.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. రక్తం వేడికి గడ్డకట్టే తీరూ, కోడిగుడ్డు గడ్డకట్టే తీరూ దాదాపు ఒకటే. రెండింటిలోనూ నీటిలో కరిగి ఉన్న ప్రోటీన్లు వేడికి విచ్చుకొని, ఒకదానికొకటి అల్లుకొని, ఆ అల్లికలో నీటిని పట్టి ఉంచుతాయి. కాబట్టి నల్ల పుడ్డింగుకూ, మీరు హోటల్లో తినే కారమెల్ కస్టర్డుకూ మధ్య ఉన్న బంధుత్వం పేరుతో ఆగిపోయేది కాదు, పేరుకోవడంలోనే ఉంది. శాకాహారులైన నా విద్యార్థులకు ఈ మాట చెప్పినప్పుడల్లా కొందరు ఆ పూట కస్టర్డు ముట్టకుండా వెళ్ళిపోయేవారు. నాకు ఇప్పటికీ ఆ పాఠం చెప్పడమే ఇష్టం.

పుడ్డింగు చరిత్రలో అసలు మలుపు తిప్పింది ఒక గుడ్డముక్క. ప్రేగు కావాలంటే జంతువును కోయాలి. కోసిన రోజునే శుభ్రం చేయాలి. 17వ శతాబ్దంలో ఇంగ్లండు ఇళ్ళలో దళసరి గుడ్డను మరిగే నీళ్ళలో ముంచి, పిండి చల్లి, అందులో ముద్దను మూటగట్టి ఉడికించే పద్ధతి బాగా వ్యాపించింది. దాంతో పుడ్డింగు కసాయి పని నుంచి విడిపోయి రోజువారీ వంటగదిలోకి వచ్చింది. అంతకుముందు పండుగలకు గిన్నెల్లో పోసుకు తాగిన మాంసం, ఎండుపళ్ళు, మసాలాల చిక్కటి గంజి క్రమంగా మూటలోకి ఎక్కి గుండ్రటి ముద్దగా మారింది. క్రిస్మస్ పుడ్డింగు పూర్వీకుల్లో అదొకటి. మాంసం కాలక్రమంలో తప్పుకుంది గానీ, పశువు మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు మాత్రం ఉండిపోయింది. ఆ కొవ్వు ఉండిపోవడానికి కారణం రుచి అనుకుంటారు చాలామంది. నా అనుభవంలో అసలు కారణం దాని కరుగుదల. వెన్న వేడి తగలగానే కరిగి పిండిలోకి ఇంకిపోతుంది. ఆ కొవ్వు సుమారు 45 నుంచి 50 డిగ్రీల దాకా గట్టిగా నిలుస్తుంది. చుట్టూ పిండి బిగుసుకోవడం మొదలైన తరువాత అది కరిగితే, అది ఉన్నచోట చిన్న ఖాళీలు మిగులుతాయి. గంటల తరబడి ఉడికినా ముద్ద రాయిలా కాకుండా గుల్లగా ఉంటుంది. గారెల పిండిలో గాలి చేసే పనిని అక్కడ కొవ్వు చేస్తుంది.

గుడ్డ కట్టి ఉడికించడం మనకు పరాయి పని కాదు. గిన్నె మూతికి తడిగుడ్డ వాసెన కట్టి, దాని మీద మినప్పిండి పోసి ఆవిరి మీద పెట్టే ఆవిరి కుడుము మా అమ్మమ్మ పండుగలకు తప్పకుండా చేసేది. గుడ్డ నేత గుర్తులు కుడుము అడుగున అచ్చు పడి ఉండేవి. కోనసీమలో పనసాకుల బుట్టలు కుట్టి పిండి పోసే పొట్టిక్కలూ అదే ఉపాయం. చెన్నై నుంచి రెండు గంటల దూరంలో కాంచీపురం వరదరాజస్వామి ఆలయంలో, ఆకులు పరచిన పొడుగాటి వెదురు బుట్టలో పిండి పోసి, మిరియాలు, జీలకర్ర, శొంఠి వేసి ఆవిరికి ఉడికించే ఇడ్లీ చూడండి. దాన్ని అడ్డంగా ముక్కలు కోస్తున్నప్పుడు చూస్తే పాతకాలపు మూట పుడ్డింగు గుర్తుకు రాక మానదు. తేడా ఒక్కటే. వాళ్ళు మూటను నీళ్ళలో ముంచారు, మనం నీళ్ళకు పైన ఉంచాం. ముంచిన ముద్ద బరువుగా, తేమగా వస్తుంది. ఆవిరికి ఉడికినది తేలికగా, పొరపొరగా వస్తుంది. పులిసిన పిండి మనకు ఉండటం, వాళ్ళ పుడ్డింగులో పులుపు లేకపోవడం కూడా ఆ తేడాను పెంచాయి.

ఇంతకంటే విచిత్రమైన దారి నడిచినది బ్లామాంజ్. ఆ ఫ్రెంచి పేరుకు తెల్లటి తిండి అని అర్థం. మధ్యయుగాల ఐరోపాలో శ్రీమంతుల భోజనాల బల్లల మీద ఉన్న ఆ వంటకంలో బియ్యం, బాదంపాలు, పంచదారతో పాటు ఉడికించి పోగులుగా తీసిన కోడిమాంసం ఉండేది. తీపికీ మాంసానికీ మధ్య గీత గీయాలన్న పట్టింపు ఆ రోజుల్లో లేదు. కాలం గడిచేకొద్దీ కోడి పోయింది, బియ్యం పోయింది, చివరికి పాలు, మొక్కజొన్న పిండి, అచ్చు మాత్రమే మిగిలాయి. కోడి మాత్రం తుర్కీలో బతికే ఉంది. తవుక్ గొయ్‌సు అనే అక్కడి పాల పుడ్డింగు పేరుకు అర్థమే కోడి రొమ్ము. మాంసాన్ని నీళ్ళు మార్చి మార్చి ఉడికించి, వెంట్రుకల్లాంటి పోగులుగా విడదీసి, పాలూ బియ్యప్పిండీ పంచదారా కలిపి గరిటె ఆడిస్తూ చిక్కబరుస్తారు. నోట్లో మాంసం రుచి తెలియదు. సాగే గుణం మాత్రం తెలుస్తుంది. ఎవరూ చెప్పకపోతే అదేదో కొత్తరకం కోవా అనుకుంటాం. రుచి కోసమే కాక, తెగకుండా సాగడం కోసం కూడా మాంసం వేయడమనే ఆలోచన నన్ను ఈనాటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఇక జెల్లీల సంగతి. పొడి రూపంలో జెలటిన్ రాకముందు జెల్లీ చేయడమంటే దూడకాళ్ళను గంటల తరబడి ఉడికించి, కొవ్వు తీసి, గుడ్డు తెల్లసొనతో తేర్చి, సంచిలో వడగట్టడం. చేప గాలితిత్తి, జింకకొమ్ము పొట్టు కూడా అందుకే వాడేవారు. డెనీ పాపాఁ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1679లో మూత బిగించిన ఆవిరి పాత్రను చేసి, అందులో ఎముకలను మెత్తబరచి చూపాడు. మన ప్రెషర్ కుక్కరుకు అది మూలపురుషుడు. అంత శ్రమ ఉన్నంతకాలం వణికే జెల్లీ ధనవంతుల దర్పానికి గుర్తుగా ఉండేది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని లెరాయ్ అనే ఊళ్ళో 1897లో పర్ల్ వెయిట్ పళ్ళ రుచి కలిపిన జెలటిన్ పొడిని తయారుచేసి, ఆయన భార్య దానికి జెల్-ఓ అని పేరు పెట్టిన తరువాత ఆ దర్పం చవకైన డబ్బాలోకి దిగింది.

కానీ ఆ జెల్లీ మన మద్రాసులో నిలబడేదా? ఇక్కడే నాకు నచ్చిన భాగం ఉంది. జెలటిన్ పేరుకోవడానికి మంచి చల్లదనం కావాలి; పేరుకున్నది సుమారు 30 డిగ్రీల దగ్గర మెత్తబడి 35 లోపే కరిగిపోతుంది. నోట్లో వేసుకోగానే వెన్నలా జారిపోవడానికి కారణం అదే, కత్తిరి ఎండల్లో బల్ల మీదే జారిపోవడానికి కారణమూ అదే. మెరీనా ఎదురుగా ఇప్పుడు వివేకానందర్ ఇల్లంగా ఉన్న ఐస్‌హౌస్‌ను 1842లో కట్టింది, అమెరికాలోని బోస్టన్ నుంచి ఓడల్లో ఫ్రెడరిక్ ట్యూడర్ వ్యాపారం పంపిన మంచుగడ్డలను నిలువ చేయడానికి. అంటే ఆనాడు మద్రాసు దొరల విందులో జెల్లీ వణకాలంటే, అవతలి గోళార్ధంలో గడ్డకట్టిన చెరువు నీళ్ళు సముద్రాలు దాటి రావాలి. కల్నల్ కెన్నీ-హెర్బర్ట్ మద్రాసు వంటల మీద ఆంగ్లేయ గృహిణుల కోసం రాసిన పుస్తకం 1878లో ఇక్కడే అచ్చయింది. అందులో ఆయన వంటవాణ్ణి రామసామి అనే పేరుతోనే పిలుస్తాడు. ఆ రామసామి ఎండలో, బొగ్గుల పొయ్యి మీద, ఐరోపా చలిదేశపు పుడ్డింగులను నిలబెట్టడానికి పడిన పాట్లు ఎవరూ రాయలేదు. క్లబ్బుల్లోనూ ప్రయాణికుల బంగళాల్లోనూ కారమెల్ కస్టర్డు అంతగా వేళ్ళూనుకుందంటే నాకు ఆశ్చర్యం లేదు. గుడ్డు వేడికి పేరుకుంటుంది. దానికి చలి అవసరం లేదు, ఎండకు కరగదు. కావలసింది ఒక పెద్ద గిన్నెలో నీళ్ళు, పైన మూత, మూత మీద నిప్పులు. మంట ఎక్కువైతే గుడ్డు విరిగి జల్లెడలా చిల్లులు పడుతుంది. ఆ చిల్లుల నుంచి నీరూరే కస్టర్డును మా వంటశాలలో తేనెపట్టు అని పిలిచేవాళ్ళం. అది వచ్చిన రోజున చేసినవాడు మధ్యాహ్నం దాకా ఎవరి కంటా పడేవాడు కాదు.

జెలటిన్‌తో నాకు జరిగిన పరాభవమూ చెప్పాలి. 1990ల్లో ఒక మే నెలలో కోడంబాకం దగ్గర ఒక కల్యాణ మండపంలో పెళ్ళి విందుకు 400 గాజు గ్లాసుల అనాసపండు పుడ్డింగు నా బాధ్యత. డబ్బాలో వచ్చే పండు కంటే తాజా పండు బాగుంటుందని నేనే పట్టుబట్టి, కోయంబేడు నుంచి పళ్ళు తెప్పించాను. రాత్రంతా ఫ్రిజ్జులో పెట్టినా తెల్లవారి చూస్తే గ్లాసుల్లో పసుపు నీళ్ళే. పచ్చి అనాసలో ప్రోటీన్లను తెంచే బ్రొమెలేన్ అనే ఎంజైము ఉంటుందనీ, జెలటిన్ ప్రోటీనే గనుక దాన్ని తెంచేస్తుందనీ, డబ్బాలో పండు వేడికి ఉడికి ఉంటుంది గనుక ఆ బాధ ఉండదనీ పుస్తకంలో చదివినవాణ్ణే. ఆ పూట గుర్తు రాలేదు. చివరికి పెళ్ళివారికి అనాస షర్బత్తు అని చెప్పి వడ్డించాం. పెళ్ళికూతురు తాతగారు రెండు గ్లాసులు తాగి బాగుందన్నారు. తప్పు పూర్తిగా నాదే.

ఆ రోజు నేను వాడవలసింది చైనా గ్రాస్. అది ఎర్రని సముద్రపు నాచుల నుంచి తీసే పదార్థం, ప్రోటీను కాదు. అనాస దాన్ని ఏమీ చేయలేదు. మరిగే నీళ్ళలో సుమారు 85 డిగ్రీలు దాటితే గానీ కరగదు, 40 లోపుకు దిగగానే బల్ల మీదే పేరుకుంటుంది. ఇది ఎండల దేశాల కోసమే పుట్టిందా అనిపిస్తుంది. జపానులో 17వ శతాబ్దపు సత్రం యజమాని ఒకడు, మిగిలిన నాచు జెల్లీని శీతాకాలపు రాత్రి బయట పారేస్తే అది గడ్డకట్టి, పగలు కరిగి, ఆరి, తెల్లటి పొడి పోగులుగా మిగిలిందనీ, అలా ఎండిన రూపం బయటపడిందనీ కథ చెప్పుకుంటారు. చెన్నైలో ట్రిప్లికేన్, రాయపేట వీధుల్లోని ముస్లిముల ఇళ్ళలో రంజాన్ సాయంత్రాల కోసం పాలతోనో, రోజా రంగుతోనో చేసే కడల్‌పాసి ఇదే. మన్నార్ సింధుశాఖలో మండపం, రామేశ్వరం తీరాన ఆడవాళ్ళు నీళ్ళలో మునిగి తెచ్చే నాచు దీని ముడిసరుకుల్లో ఒకటి.

వంటింటి నుంచి ఇది ప్రయోగశాలకు వెళ్ళిన కథ మరీ బాగుంటుంది. జర్మనీలో సూక్ష్మజీవుల శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ దగ్గర పనిచేసిన వాల్టర్ హెస్సె సూక్ష్మజీవులను జెలటిన్ మీద పెంచేవాడు. వేసవి వేడికి అది కరిగిపోయేది. కొన్ని సూక్ష్మజీవులైతే దాన్నే తినేసేవి. నీ జెల్లీలు, పుడ్డింగులు ఈ ఎండకు ఎలా నిలుస్తున్నాయని భార్య ఫానీని అడిగాడు. చిన్నప్పుడు న్యూయార్క్‌లో ఉండగా, జావాలో ఉండి వచ్చిన డచ్చి ఇరుగుపొరుగువారి దగ్గర అగర్, అంటే మన చైనా గ్రాసే, వాడటం నేర్చుకున్నానని ఆవిడ చెప్పింది. క్షయ సూక్ష్మజీవి గురించి కోఖ్ 1882లో ప్రకటించిన వ్యాసంలో ఆ అగర్ ప్రస్తావన ఉంది. ఈ రోజు మీరు రక్తపరీక్షకో మూత్రపరీక్షకో వెళ్ళినప్పుడు సూక్ష్మజీవులను పెంచి చూసే గాజుపళ్ళెంలో ఉండేది ఆవిడ పుడ్డింగు సరుకే. పొదిగించే పెట్టె వేడి 37 డిగ్రీలు. మన మే నెల మధ్యాహ్నం అంతకంటే ఎక్కువే.

అయితే చైనా గ్రాస్‌కు ఒక లోపం ఉంది. అది నోట్లో కరగదు. నాలుకకు తగలగానే ముక్కలుగా విరుగుతుంది, అంతే. జెలటిన్ అలవాటైన నాలుక దీన్ని పెళుసు అంటుంది. దీని మీదే పెరిగిన నాలుక జెలటిన్‌ను బంక అంటుంది. ఎవరి మాటా తప్పు కాదు.

పిండి పదార్థాలకు వస్తే, బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి భార్యకు గుడ్డు పడదు. ఆవిడ కోసం 1837లో మొక్కజొన్న పిండితో గుడ్డు లేని కస్టర్డు చేశాడు. మన పచారీ కొట్లలో దొరికే కస్టర్డు పొడి ఆ వంశానిదే. గుడ్డు కస్టర్డులో నీటిని పట్టేది ప్రోటీన్ల అల్లిక. ఇందులో పట్టేది ఉబ్బిన పిండి రేణువులు. మా నాయనమ్మ ఎంగిలి చెంచా గిన్నెలో పెడితే చేయి విరుగుతుందనేది. కస్టర్డు విషయంలో అది ఆచారమే కాదు, రసాయనం కూడా. లాలాజలంలోని ఎమిలేజ్ అనే ఎంజైము పిండిని తెంచుతుంది. నాకిన చెంచాను మళ్ళీ కస్టర్డులో తిప్పి కొంతసేపు ఉంచి చూడండి, చెంచా తగిలినచోట నీరుకారి ఉంటుంది. గుడ్డు కస్టర్డులో ఇది జరగదు.

ఇప్పుడు మీ సగ్గుబియ్యం. ఈ పేరులోనే చరిత్ర ఉంది. మలయ్ భాషలో సగు అంటే ఒక జాతి తాటిచెట్టు బోదె నుంచి తీసే పిండి. సుమత్రాలో పిండి ఇచ్చే చెట్లను చూశానని మార్కో పోలో చెప్పినది ఆ సంగతే. తమిళులు దాన్ని జావా బియ్యం అనే అర్థంలో జవ్వరిసి అన్నారు, మనం సగ్గుబియ్యం అన్నాం. ఓడ దిగిన వస్తువును ఇద్దరూ బియ్యంలోనే జమకట్టారు. కానీ ఇప్పుడు మీ డబ్బాలో ఉన్నది ఆ చెట్టుది కాదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కర్రపెండలం దుంపది. తిరువితాంకూరు మహారాజు విశాఖం తిరునాళ్, 1880 నుంచి 1885 దాకా పాలించినాయన, ఆ దుంప సాగును ప్రోత్సహించాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఆగ్నేయాసియా నుంచి దిగుమతి ఆగిపోయాక, 1940ల్లో సేలం ప్రాంతంలో ఆ దుంప పిండితో సగ్గుబియ్యం చేయడం మొదలై పెద్ద పరిశ్రమ అయింది. మన వైపు సామర్లకోట, పెద్దాపురం చుట్టుపక్కల మిల్లులు ఉన్నాయి.

నేను చాలా ఏళ్ళ క్రితం సామర్లకోట దగ్గర ఒక మిల్లు చూశాను. దుంప తొక్క తీసి, కడిగి, కోరి, నీళ్ళతో పిసికి వడగడితే పాలలాంటి నీళ్ళు వస్తాయి. పచ్చి దుంపలో ఉండే సయనైడు కారక పదార్థాలు చాలావరకు ఈ కడుగుళ్ళలోనే పోతాయి. తొట్లలో పిండి అడుగున పేరుకున్నాక పైనీరు తీసేస్తారు. ఆ ఆవరణంతా పులిసిన గంజి వాసన. తడి పిండిని పొడిచేసి గుడ్డ ఊయలలో పోసి ఇద్దరు మనుషులు అటూ ఇటూ ఊపుతుంటే, చూస్తుండగానే పిండి పూసలు కట్టింది. చేతిలోకి తీసుకుంటే పూస నలిగి మళ్ళీ పిండే. తరువాత నూనె రాసిన వేడి పెనం మీద వేయించారు. అప్పుడు పూస పైపొర మాత్రం ఉడికి గట్టిపడి, లోపల పచ్చిపిండి అలాగే ఉండిపోయింది. ఆ పైపొర వల్లే మీ గిన్నెలో సగ్గుబియ్యం గంజిలా కరిగిపోకుండా పూసగా నిలుస్తుంది. చెన్నై కొట్లలో నైలాన్ జవ్వరిసి అని అమ్మేదాన్ని వేయించడానికి బదులు ఆవిరికి ఉడికించి ఆరబెడతారు. అది అద్దంలా ఉంటుంది, తక్కువ అంటుకుంటుంది.

కర్రపెండలం పిండి సాగడానికీ, మొక్కజొన్న పిండి కత్తికి తెగడానికీ కారణం ఎమిలోజ్ అనే భాగం. మొక్కజొన్న పిండిలో అది నాలుగో వంతు దాకా ఉంటుంది, చల్లారగానే బిగుసుకొని తెల్లగా, గట్టిగా కనిపిస్తుంది. కర్రపెండలంలో సుమారు 17 శాతమే గనుక చల్లారినా పారదర్శకంగా, సాగుతూ ఉంటుంది. మాడుగుల హల్వాలోనూ తిరునెల్వేలి హల్వాలోనూ గోధుమపాలు ఇంకో రకంగా సాగుతాయి. వాటి గురించి రాయడం మొదలుపెడితే ఈ జవాబు ముగియదు.

జెల్-ఓ తయారుచేసిన జనరల్ ఫుడ్స్ కంపెనీలోనే పనిచేసిన అలీనా ష్చెస్నియాక్ అనే శాస్త్రవేత్త 1963లో, తిండి నోటికి తగిలే తీరును గట్టితనం, అంటుకొనే గుణం, సాగుడు, రేణువుల ఆకారం, తేమ, కొవ్వు వంటి లక్షణాలుగా విడదీసి కొలిచే పద్ధతి చెప్పింది. కొలిచే యంత్రాలు వచ్చాయి గానీ, మన మాటలకు అవి ఏమాత్రం సాటిరావు. పలుకు, పెళుసు, కరకర, గుల్ల, జిగురు, బంక, బిరుసు, పొలపొల: ఒక్కొక్కటి ఒక్కొక్క అనుభవం. బెండకాయలో జిగురు పోయేదాకా వేయించే ఇంట్లోనే బచ్చలికూర జిగటను కమ్మగా తింటారు. మింగవలసిన రాగిసంకటిని నమిలితే పళ్ళకు పట్టుకుందని కొత్తవాళ్ళు ఫిర్యాదు చేస్తారు. తాటిముంజను ఇష్టపడని తెలుగు బిడ్డ ఉండడు; ఆ జారుడును వేరే గిన్నెలో, వేరే పేరుతో పెడితే వద్దంటాడు. మీ అబ్బాయి స్నేహితులు మాల్‌లో తైవాన్ బబుల్ టీకి క్యూ కట్టి లావాటి గొట్టంతో పీల్చేదీ కర్రపెండలం పూసలనే.

కాబట్టి పిల్లవాణ్ణి తప్పుపట్టకండి. అతను వద్దన్నది బహుశా పూసను కాదు, పూసల మధ్య పాలను బంకలా మార్చిన వదులు పిండిని. సగ్గుబియ్యాన్ని గంటసేపు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, ఎక్కువ నీళ్ళలో విడిగా ఉడికించండి. మధ్యలో ఆవగింజంత తెల్లచుక్క మిగిలి ఉండగానే దించి, చన్నీళ్ళలో కడిగి, అప్పుడు చిక్కబరిచిన పాలలో కలపండి. బెల్లమైతే పొయ్యి మీద నుంచి దించి, కొంచెం చల్లారాక వేయాలి, లేకపోతే పాలు విరుగుతాయి. పాయసం పలచగా ఉండి, పూస పళ్ళ కింద విడిగా తగిలితే అతను రెండో గ్లాసు అడగవచ్చు.

అప్పటికీ కాదంటే జున్ను పెట్టి చూడండి. నా దృష్టిలో లోకంలోని పుడ్డింగులన్నిటిలో తెలివైనది అదే. గుడ్డు, పిండి, నాచు, ఎముక ఏదీ అక్కర్లేదు. ఈనిన ఆవు మొదటి పితుకుడు పాలలో సుమారు 14 శాతం ప్రోటీను ఉంటుంది, మామూలు పాలలో 3 నుంచి 4 శాతం. దూడను రోగాల నుంచి కాపాడవలసిన ఆ ప్రోటీన్లే వేడికి గుడ్డులా పేరుకుంటాయి. ఐస్‌లాండ్‌లో దీన్ని ఆబ్రిస్తిర్ అంటారు, దాల్చినచెక్క పంచదార చల్లుకొని తింటారు; కన్నడిగులు గిణ్ణు అంటారు. చెన్నైలో జున్నుపాలు అని అడిగితే ఎవరికీ అర్థం కాదు, సీంపాల్ అని అడగాలి. పొడితోనో చైనా గ్రాస్‌తోనో చేసి జున్ను పేరుతో అమ్మేదాన్ని కొనకండి. దానికి ఆ రవ్వరవ్వగా విడిపోయే మెత్తదనం రాదు. పెరంబూరు వైపు ఆవులున్న పాలవాళ్ళకు ముందుగా చెప్పి ఉంచితే తెచ్చి ఇస్తారు. మొదటి రోజు పాలైతే ఒక గ్లాసుకు మూడు గ్లాసుల మామూలు పాలు కలపవచ్చు, రెండో రోజువైతే ఒకటి చాలు, మూడో రోజువి కలపకుండానే వాడండి. బెల్లం, మిరియాలపొడి, ఏలకులు వేశాక గిన్నెంతా ఒకేసారి పొయ్యెక్కించకండి. ముందు రెండు చెంచాలు చిన్న కప్పులో పోసి ఇడ్లీ పాత్రలో ఆవిరికి పెట్టండి. కప్పు వంచినా జారకపోతే సరిపోయినట్టు. రబ్బరులా ఉంటే ఇంకొంచెం మామూలు పాలు, నీళ్ళలా ఉంటే ఇంకొంచెం జున్నుపాలు.